ఏళ్ల తరబడి సర్వీసు ఎందుకు చాలదు?

సర్కారు ఆఫీసులో గదులు ఊడ్చే మనిషి, పంప్‌హౌస్‌లో మోటారు వేసే మనిషి, రికార్డు రూములో ఫైళ్లు వెతికి తెచ్చే మనిషి. ఆఫీసర్లు బదిలీ మీద వచ్చిపోతుంటారు, వీళ్లు మాత్రం అక్కడే ఉంటారు. ఇరవై ఏళ్లు గడిచినా కాగితం మీద టెంపరరీయే. పర్మినెంట్ చేయమని కోర్టుకు వెళితే ఒకరు గెలుస్తారు. పక్క ఆఫీసులో అదే పని, అన్నేళ్లే చేసినవారు ఓడిపోతారు. ఈ తేడా ఎక్కడ వస్తుందో తెలిస్తే కేసు సగం అర్థమైనట్టే.

సర్కారు కొలువు అందరిదీ అన్నది మొదటి సూత్రం. రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు సమానత్వాన్ని, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశాన్ని ఇస్తాయి. అందుకే నోటిఫికేషన్, అర్హత, రిజర్వేషన్ రోస్టర్ (ఏ ఖాళీ ఏ వర్గానికో చెప్పే పట్టిక) ఉంటాయి. వీటిని దాటి తీసుకున్నవారిని పర్మినెంట్ చేస్తే, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మరొకరి అవకాశం పోతుంది. ఈ అభ్యంతరం న్యాయమైనదే, తీసిపారేయదగ్గది కాదు.

2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సూత్రం మీదే తీర్పు ఇచ్చింది. దాన్ని ఉమాదేవి కేసు అంటారు. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖలో పదేళ్లకు పైగా పనిచేసిన రోజుకూలీ ఉద్యోగుల వివాదం అందులో ప్రధానమైనది. ఎన్నేళ్లు పనిచేసినా, అంతమాత్రాన క్రమబద్ధీకరణ (పర్మినెంట్ చేయడం) హక్కు రాదని కోర్టు తేల్చింది.

అయితే అదే తీర్పులో 53వ పేరా ఒక దారి వదిలింది. పోస్టు మంజూరై ఖాళీగా ఉండాలి. మనిషికి అర్హత ఉండాలి. పదేళ్లు పనిచేసి ఉండాలి. నియామకంలో లోపం ఉన్నా, అది చట్టవిరుద్ధం కాకూడదు. ఎంపిక పద్ధతిలో ఏదో ఒక మెట్టు తప్పితే అది లోపం. అసలు పోస్టే లేకుండానో, అర్హతే లేకుండానో తీసుకుంటే చట్టవిరుద్ధం. నియామకంలో లోపం మాత్రమే ఉన్నవారిని ఒక్కసారికి పరిశీలించి రెగ్యులరైజ్ చేయాలని ప్రభుత్వాలకు చెప్పింది. ఆ పరిశీలన ఎక్కడైనా జరగకుండా మిగిలిపోతే, ఆ 'ఒక్కసారి' ఇంకా పూర్తికానట్టేనని 2010లో మరో తీర్పు వివరించింది.

53వ పేరాలో నాకు కఠినంగా తోచే షరతు మరొకటి ఉంది. కోర్టు ఉత్తర్వుల రక్షణలో గడిచిన సర్వీసు ఆ పదేళ్లలోకి రాదు. తీసేస్తారన్న భయంతో ఆరేళ్లు నిండాక స్టే తెచ్చుకున్న మనిషిని తీసుకోండి. స్టే మీద మరో పదేళ్లు పనిచేసినా లెక్కకు వచ్చేది ఆ ఆరేళ్లే. నోరు మెదపకుండా ఉండిపోయిన పక్కవాడికి పదహారూ లెక్కకు వస్తాయి.

ఇక రుజువు సంగతి. రోజుకూలీ మనిషికి సర్వీసు పుస్తకం ఉండదు, ఉండేది మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ). అందులో పేరు, తండ్రి పేరు, నెలలో ఒక్కో రోజుకు ఒక్కో గడి, చివర రెవెన్యూ స్టాంపు మీద సంతకమో వేలిముద్రో. ఆ పట్టీ ఉండేది ఆఫీసు బీరువాలో. కొన్నిచోట్ల కాంట్రాక్టు ముగిసినప్పుడల్లా ఒకటి రెండు రోజులు బ్రేక్ చూపి మళ్లీ తీసుకుంటారు. కోర్టులో ఆ ఖాళీ గళ్లే 'నిరంతర సర్వీసు కాదు' అనే వాదనగా మారతాయి. అందుకే సమాచార హక్కు చట్టం కింద నకళ్లు ముందే తీసుకోవడం, జీతం పడిన పాస్‌బుక్కు, పీఎఫ్ చీటీలు దాచుకోవడం అవసరం. రికార్డు తన దగ్గరే పెట్టుకుని చూపని యజమానిదే తప్పని కోర్టు భావించవచ్చు. కానీ దాని మీదే ఆశపెట్టుకుని కేసు వేయకూడదు.

తెలుగు రాష్ట్రాల్లో తేదీలు కూడా తలరాతలు మార్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో ఇలాంటి నియామకాలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆ ఏడాదే 212వ జీవో, 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల సర్వీసు ఉన్నవారికి పర్మినెంట్ అయ్యే అవకాశం ఇచ్చింది. ఆ తేదీకే ఐదేళ్లు నిండాలా, తర్వాత నిండినా సరిపోతుందా అన్న ఒక్క ప్రశ్న మీద ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. ఆ రోజుకే నిండాలన్న 1998 నాటి చట్ట సవరణను సుప్రీంకోర్టు 2009లో సమర్థించింది. తెలంగాణలో క్రమబద్ధీకరణ కోసం ఆ 1994 చట్టంలోనే 2016లో 16వ జీవోతో చేర్చిన 10-ఎ నిబంధనను హైకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. అప్పటికే పర్మినెంట్ అయినవారి జోలికి మాత్రం వెళ్లలేదు.

ఆ మరుసటి నెల, 2024 డిసెంబరు 20న, సుప్రీంకోర్టు నుంచి భిన్నమైన మాట వచ్చింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి పారిశుద్ధ్యం వంటి పనులు చేసినవారిని 2018 అక్టోబరులో ఉన్నపళంగా తీసేశారు. వాళ్లు చేసింది ఎప్పుడూ ఉండే పనేనని, ఉమాదేవి తీర్పును ఇలాంటివారి మీద ఆయుధంగా వాడకూడదని కోర్టు చెప్పింది. తిరిగి తీసుకుని రెగ్యులరైజ్ చేయమంది. 2025 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్ ఉన్నత విద్యా సర్వీసుల కమిషన్ రోజుకూలీల కేసులో మరో అడుగు వేసింది. పోస్టులు లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టులు (ఆ మనుషుల కోసమే సృష్టించే అదనపు పోస్టులు) కల్పించమంది. డబ్బు లేదన్న సాకు ఒక్కటే చాలదంది.

ఐదుగురి ధర్మాసనం తీర్పును, ఈ కొత్త తీర్పులిచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనాలు రద్దు చేయలేవు. కాబట్టి ఉమాదేవి ఇంకా నిలిచే ఉంది. ఇప్పుడు దాన్ని చదివే తీరు మారుతోంది. 'ఎలా వచ్చావు?' అన్న ప్రశ్న పక్కన 'నిన్ను ఇన్నేళ్లు ఎందుకు ఇలాగే ఉంచారు?' అన్నది కూడా అడుగుతున్నారు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వమే. ఈ మార్పు ఎప్పుడో రావలసిందని నా అభిప్రాయం.

గెలిచినవారు ఇంకొకటి చూసుకోవాలి. ఉత్తర్వులో ఏ తేదీ నుంచి రెగ్యులరైజ్ చేశారో చదవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారికి సీపీఎస్ (జీతంలోంచి వాటా కోసే పింఛను పథకం) వర్తించింది. 1990లో పనిలో చేరినా, ఉత్తర్వులో 2009 తేదీ పడితే పాత పింఛను దక్కడం కష్టం. దాని కోసం మళ్లీ వేరే కేసు వేయాలి. అందుకే పిటిషన్ రాయించేటప్పుడే పనిలో చేరిన తేదీ నుంచి సర్వీసును పింఛనుకు లెక్కించాలని స్పష్టంగా అడగాలి.