కాలవగట్టు మీద కబుర్లు

పూర్వం మన డెల్టాలో బండివాడు కునికినా ఎడ్లు ఇంటిదారి తప్పేవి కావు. స్కూటరుకు ఆ తెలివి లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ సెల్‌ఫోను వంక రెండు సెకండ్లు చూస్తే, 33 మీటర్లు కళ్ళు మూసుకుని పోయినట్లే. బెజవాడ బందరు రోడ్డులో ఆ మేరలో ఎన్ని ఆటోలు అడ్డొస్తాయో చెప్పనక్కరలేదు. ఊరు దాటి కాలవగట్టు ఎక్కితే పిట్టగోడైనా లేని మలుపులు!

చెవిలో తీగ పెట్టుకున్నాం, చేతులు ఖాళీయే గదా అంటారు కొందరు. మనసు ఖాళీగా లేదే! పక్కన కూర్చున్నవాడైతే లారీ ఎదురురాగానే మాట ఆపుతాడు. ఫోనులో ఉన్న బావగారికి లారీ కనబడదు.

ఫోను చేతపట్టి నడిపితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జుర్మానా, లేదా జైలు అంటుంది 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం. అయితే ఆయన బండి మీద ఉన్నాడని తెలిసీ నంబరు నొక్కేది తరచు ఇంట్లోవాళ్ళమే: "కూరలేం తెస్తున్నారు?" అని.