సర్జరీతో షుగర్ పోతుందా?

బరువు తగ్గించే సర్జరీతో షుగర్ పోతుందా? ఓపీలో ఈమధ్య తరచూ వినే ప్రశ్న. కొందరికి పోతుంది, అందరికీ కాదు.

బైపాస్‌లో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి, ఆహారం చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండా కిందికి వెళ్లేలా కలుపుతారు. దాంతో జీఎల్‌పీ-1 అనే హార్మోను పెరుగుతుంది. బరువు పెద్దగా తగ్గకముందే, కొద్దిరోజుల్లోనే షుగర్ దిగడం మొదలవుతుంది.

మనవాళ్లలో బీఎంఐ 32.5 దాటి, మందులు వాడుతున్నా షుగర్ అదుపులోకి రాకపోతే సర్జరీ గురించి ఆలోచించాలి. 27.5 నుంచే పరిశీలించవచ్చని 2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. షుగర్ వచ్చి కొద్దికాలమే అయి, ఇన్సులిన్ మొదలవని వారికి ఫలితం బాగుంటుంది. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీదున్నవారికి మోతాదు తగ్గొచ్చుగానీ, పూర్తిగా మానడం కష్టం. ‘షుగర్ ఫ్రీ’ ప్రకటనల్లో ఈ మాట కనిపించదు.

బీ12, ఐరన్, క్యాల్షియం జీవితాంతం వాడాలి. బరువు మళ్లీ పెరిగితే షుగరూ తిరిగిరావచ్చు. ఆపరేషన్ అయ్యాక మందులు సొంతంగా ఆపకండి. పాత మోతాదులోనూ కొనసాగించకండి, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.