ముందు చిన్న ముల్లు చాలు

పిల్లలకు గడియారం చూడటం నేర్పేటప్పుడు మనం ముందు పెద్ద ముల్లు మీదే పడతాం. ఐదో ఎక్కం అప్పజెప్పించి, మూడు దగ్గరుంటే పదిహేను, తొమ్మిది దగ్గరుంటే నలభై ఐదు అని బట్టీ పట్టిస్తాం. పాపం, ఆ పసివాడికి కనిపించే అంకె మూడే గదా! అది పదిహేనెలా అయిందో వాడికి ఎవరూ చెప్పరు. నన్నడిగితే, కొన్నాళ్లు ఆ పెద్ద ముల్లును దాచేయండి.

యూరప్‌లో యంత్రపు గడియారాలు వచ్చిన కొత్తలో చాలావాటికి ఉన్నది ఒక్క ముల్లే. అవి రోజుకు పావుగంట అటూ ఇటూ తప్పేవి. ఇక నిమిషాల ముల్లుతో పనేముంది? అంకెకీ అంకెకీ మధ్య నాలుగు భాగాలు గీసుకుని పావు, అర, ముప్పావు చూసుకునేవారు. హైగెన్స్ అనే శాస్త్రవేత్త 1656లో లోలకం గడియారం కనిపెట్టాక నడకలో నిలకడ వచ్చింది, నిమిషాల ముల్లు మామూలైంది. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చి గోపురం మీద ఇప్పటికీ ఒంటిముల్లు గడియారమే ఉంది.

మనమూ అట్ట మీద అలాంటిదే చేద్దాం. పొట్టి ముల్లు ఐదుకీ ఆరుకీ నట్టనడుమ ఉంటే ఐదున్నర. ఐదు దాటి కాస్త కదిలితే ఐదుంపావు. ఆరును అందుకోబోతుంటే పావు తక్కువ ఆరు. ముల్లు ఇంకా ఆరును చేరలేదని పిల్లలకు కళ్లతోనే తెలిసిపోతుంది కాబట్టి, దాన్ని ఆరూ ముప్పావు అనరు. చాలామంది పిల్లలు తడబడేది సరిగ్గా అక్కడే.

ఇది పట్టుబడ్డాక పెద్ద ముల్లును తీసుకురండి. చిన్నది ఒక అంకె నుంచి పక్క అంకెకు వెళ్లేలోగా పెద్దది చుట్టంతా తిరిగొస్తుంది. గుండ్రటి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి విప్పితే, ఆ చుట్టులో పావు ఎంతో మడత గీతలే చూపిస్తాయి.

అప్పుడొక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "తాతయ్యా, పావు రూపాయి 25 పైసలు, పావుకిలో 250 గ్రాములు. మరి పావుగంట పదిహేనేంటి?" ఎంత చక్కటి ప్రశ్న! విసుక్కోకండి. రూపాయికి 100 పైసలు, గంటకు 60 నిమిషాలు. అరవైతో లెక్కించడం బాబిలోనియా వాళ్ల నుంచి వచ్చింది. అరవైని రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, దేనితో భాగించినా శేషం మిగలదు. మన పంచాంగంలోనూ రోజుకు 60 ఘడియలు. అంటే ఘడియకు 24 నిమిషాలు. మరి పావు ఘడియకు ఎన్ని నిమిషాలో మీ పిల్లల్నే అడగండి.