నాలుగక్షరముల అనుమతి

పొరుగూరి సంతలో కొన్న పుస్తకమును మన ఇంటి దీపము క్రింద చదువరాదని ఎవరైన శాసించినచో నవ్విపోదుము. 1994 డిసెంబరులో జపానున వెలువడిన సోనీ ప్లేస్టేషన్ అను ఆటయంత్రము ఇంచుమించు ఇట్టి శాసనమునే అమలు జరిపినది.

అసలు డిస్కు మొదటి భాగమున గాడిని బుద్ధిపూర్వకముగనే రవంత ఊగిసలాడునట్లు చెక్కెడివారు. ఆ ఊగిసలాటలో నాలుగక్షరములు దాగియుండెడివి: జపానుకు ఎస్.సి.ఇ.ఐ., అమెరికాకు ఎస్.సి.ఇ.ఎ., ఐరోపా, ఆస్ట్రేలియాలకు ఎస్.సి.ఇ.ఇ. తన ప్రాంతపు అక్షరములు కానరానిదే యంత్రము ఆటను సాగనీయదు. ఇండ్లలో డిస్కులు వ్రాసెడి పరికరములు ఆ గాడిని అట్లు చెక్కజాలవు గనుక దొంగప్రతి నిలిచిపోయెడిది. న్యాయముగా కొన్న విదేశపు డిస్కును దానితోబాటే నిలిచిపోయెడిది! 1998లో జపాను, అమెరికాలలో వెలువడిన 'జెనోగేర్స్' ఐరోపాలో అమ్మకమునకే రాలేదు. అచ్చటి అభిమాని ఏమి చేయవలెను?

యంత్రము మూత విప్పి, కొన్ని సన్నని తీగలతో చిన్న చిప్పు నొకదానిని అతికించెడివారు. యంత్రము కోరిన అక్షరములను ఆ చిప్పే అందించెడిది. దొంగకును దొరకును ఒకే తలుపు తెరచుకొనెను, చిక్కంతయు ఇచ్చటనే.

సిడ్నీలో ఇట్టి చిప్పులమ్మిన స్టీవెన్స్ అను నాతనిపై సోనీ దావా వేసినది. చిప్పుల విషయమున 2002లో అతడు గెలిచెను. 2003లో అప్పీలులో ఓడెను. 2005 అక్టోబరులో ఆస్ట్రేలియా హైకోర్టు, అదియే ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, ఏకగ్రీవముగా అతని పక్షమున తీర్పు చెప్పెను. ఆ అక్షరములు ప్రతి తీయుటను ఆపవు, తీసిన ప్రతిని ఆడుటనే ఆపునని న్యాయమూర్తుల తర్కము. 2006లో చట్టమును బిగించిరి. అయినను, విదేశమున న్యాయముగా కొన్న ఆటను స్వదేశమున ఆడనీయని ప్రాంతపు తాళమునకు మాత్రము ఆ చట్టము రక్షణ నీయలేదు.