పిల్లలకు వైరస్ జ్వరాలు పదే పదే ప్రాణం మీదికి వస్తున్నాయా? ఇది చదవండి

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కుటుంబాల కోసం)

జలుబు, జ్వరం, విరేచనాలు పిల్లలందరికీ వస్తాయి, పోతాయి. అమ్మవారు పోసినా వారం పది రోజుల్లో తగ్గుతుంది. కానీ కొన్ని ఇళ్లల్లో అదే జబ్బు బిడ్డను ఐసీయూ దాకా తీసుకెళ్తుంది. ముందు కాన్పు బిడ్డ కూడా అలాగే పోయి ఉంటే "మా రాత" అని ఊరుకోకండి. కారణం పుట్టుకతో వచ్చిన జన్యువులో ఉండొచ్చు.

ఒంట్లో ఏం జరుగుతుంది?

వైరస్ ఒక కణంలోకి దూరగానే ఆ కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతుంది. ఊళ్లో దండోరా వేసినట్టన్నమాట. అది విన్న పక్క కణాలు తలుపులు బిగించుకుంటాయి. జన్యువులో తప్పుంటే దండోరా మోగదు, లేదా మోగినా పక్క కణానికి వినపడదు. కోవిడ్ ముదిరి ప్రాణాపాయంలో పడ్డ 659 మందిని పరీక్షిస్తే 23 మందిలో ఇలాంటి లోపాలు దొరికాయని 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాళ్లలో 17 ఏళ్ల వాళ్ల నుంచి 77 ఏళ్ల వాళ్ల దాకా ఉన్నారు.

మేనరికం వల్లేనా?

మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో ఇలా జరగదు. చాలా జన్యువులు మనలో రెండేసి ఉంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒకటి పాడైనా రెండోది చాలాసార్లు కాపాడుతుంది. అందుకే తల్లిదండ్రులు ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఇద్దరి దగ్గరా ఒకే తప్పుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతా వాళ్లకు రాదు అనుకోవడానికి లేదు. మేనమామనో, మేనబావనో చేసుకుంటే ఒకే తాత నుంచి వచ్చిన తప్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. సమోవా దీవుల మూలాలున్న పిల్లల్లోనూ, గ్రీన్‌లాండ్ వైపు ఇన్యూట్ పిల్లల్లోనూ ఇంటర్‌ఫెరాన్ దండోరా వినపడని లోపం ఉందని 2022లో బయటపడింది. అంటే ఇది మన ఒక్క ప్రాంతం గొడవ కాదు.

కొన్ని లోపాలు తల్లి వైపు నుంచి ఎక్కువగా మగపిల్లలకు వస్తాయి. "మీ అన్నదమ్ములెవరైనా చిన్నప్పుడే పోయారా అమ్మా?" అని డాక్టరు అడిగేది అందుకే. కోడలిని తప్పు పట్టడానికి కాదు.

టీకాల సంగతి

టీకాలు మానొద్దు. ఎక్కువమంది పిల్లలకు అవే రక్ష. అయితే బీసీజీ, పోలియో చుక్కలు, రోటా, ఎంఆర్ టీకాల్లో బలహీనపరిచిన క్రిములు ప్రాణంతో ఉంటాయి. ఈ లోపాలున్న బిడ్డకు వాటిలో కొన్ని ప్రమాదం కావచ్చు. ఇంట్లో పసిబిడ్డ ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే టీకా వేయించకముందే ఏఎన్ఎంకి చెప్పండి. ఏది వేయాలో, ఏది ఆపాలో డాక్టరు చెప్తారు.

ఎవరిని అడగాలి?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో, బడిలో ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ కార్యక్రమం 30 జబ్బుల జాబితాలో ఈ లోపాల పేరు లేదు. కాబట్టి మీరు నోరు తెరిచి చెప్పాలి: ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేర్చారు, ఇంట్లో ఎవరు ఏ వయసులో పోయారు, మేనరికమా కాదా. పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలు పారేయకండి.

మొదట మామూలు రక్త పరీక్షలో తెల్లకణాల లెక్క చూస్తారు. అది బాగున్నా ఇంటర్‌ఫెరాన్ లోపం లేదని కాదు, దానికి జన్యు పరీక్ష కావాలి. హైదరాబాద్‌లోని నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా ఉన్నాయి. 2021 జాతీయ విధానం కింద, జాబితాలో ఉన్న జబ్బులకు ఇలాంటి కేంద్రాల్లో 50 లక్షల రూపాయల దాకా సాయం దొరుకుతుంది. ఎముక మజ్జ మార్పిడితో నయమయ్యే తీవ్ర రోగనిరోధక లోపం (స్కిడ్) ఆ జాబితాలో ఉంది. అన్ని లోపాలూ లేవు, ముందే అడిగి తెలుసుకోండి. డబ్బు మీ ఖాతాలో పడదు, ఆసుపత్రికే వెళ్తుంది. పేరు ఎక్కిస్తామని ఎవరైనా ముందు డబ్బు అడిగితే ఇవ్వకండి.

దగ్గర్లో చేర్చే చికిత్స ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చూసి చెప్తారు. వెళ్లేటప్పుడు బియ్యం కార్డు, ఆధార్, బిడ్డ టీకా కార్డు పట్టుకెళ్లండి.