ప్లాస్మా బల్లకు ఎట్టి కంట్రోలరు?

ఇంట యంత్రమును నిర్మించుకొనుట మన సీమకు క్రొత్త గాదు. పూర్వపు నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు 1999లో ఆసుయంత్రమును రూపొందించి నేతకుటుంబముల శ్రమ తగ్గించిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. నేడు నల్లగొండ, మహబూబ్‌నగరములలో గేట్లు, గ్రిల్లులు చేయు వెల్డింగు పనివారు ఇనుపరేకును ప్లాస్మాతో కోయు కంప్యూటరు బల్లను స్వయముగా అమర్చుకొనదలచినచో, సొమ్ము వెచ్చింపకమునుపు కంట్రోలరును గూర్చి యోచింపవలెను.

మోటార్లను అటునిటు నడపుట చౌక కంట్రోలరైనను చేయును. చిక్కు వేరొకచోట నున్నది. కోతవేడికి రేకు వంగి పైకి లేచును. టార్చి రేకును తాకినచో నాజిలు చెడును. దూరమైనచో కోత ఏటవాలగును. ఆర్కు అను విద్యుజ్జ్వాల పొడవైనకొలది దాని వోల్టేజి పెరుగును. దానిని కనిపెట్టి టార్చిని ఎత్తుచు దించుచుండు కంట్రోలరే తగినది. ఉచితముగా లభించు జి.ఆర్.బి.ఎల్. మూలరూపమున ఈ ఏర్పాటు లేదు, లైనక్స్‌సి.ఎన్.సి.లో కలదు, కాని వోల్టేజిని కొలుచు పరికరమును వేరుగా చేర్చవలెను.

ఆర్కు రేకునకు అందిన పిమ్మటనే టార్చి కదలవలెను. మరియొకటి: అధిక పౌనఃపున్యముతో ఆర్కు రగిల్చు యంత్రములు రేడియోలో గరగర పుట్టించినట్లే కంట్రోలరును కలవరపెట్టును.

ఎత్తును సరిచూచుకొనునా, ఆర్కు కొరకు ఆగునా, విద్యుత్ కల్లోలమునకు తాళునా? కొనునపుడు ఈ మూడును అడుగుడని మా మనవి.