గినీ పందికి తోడు



పిల్లలు ముచ్చటపడి పెంచుకుంటున్న గినీ పందుల జంటలో ఒకటి పోతే, రెండోది దిగులుపడుతుంది. అది ఒంటిగా బతికే ప్రాణి కాదు. స్విట్జర్లాండులో 2008 నుంచి వీటిని ఒంటరిగా పెంచకూడదని చట్టమే ఉంది.

అలాగని కొత్తదాన్ని తెచ్చి అదే గూట్లో వదిలారో, కాట్లాటే! ముందు ఆడా మగా పశువైద్యుడి చేత చూపించండి. పొరబడితే రెండు నెలలు దాటేసరికి పిల్లలు! రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచితే జబ్బేదైనా ఉంటే బయటపడుతుంది. తరువాత గూళ్లు పక్కపక్కన పెట్టి, వాసన అలవాటు కానివ్వండి. ఆపైన రెంటికీ కొత్తదైన చోట గడ్డి పరిచి కలపండి. దాక్కోవడానికి రెండు డబ్బాలు, ఒక్కోదానికి రెండేసి దారులు ఉండాలి.

గుర్రుమంటూ నడుం ఊపడం, వెంటపడడం మామూలే. పెద్దరికం తేల్చుకుంటున్నాయన్నమాట. పళ్లు టకటకలాడిస్తూ మీద పడబోతే మధ్యలో మందపాటి తువ్వాలు వేయండి, వట్టి చెయ్యి పెట్టకండి. రక్తం కనిపిస్తే విడదీయాల్సిందే.

మన నెల్లూరు తీరపు వేసవి ఉక్క వీటి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని చల్లని ఉదయం పూటే కలపండి.

కొత్త కోడలికైనా అత్తింట కుదురుకోవడానికి నాలుగు రోజులు పట్టదూ? సెలవు.